తాతగారి యుద్ధకాలపు జీపు: కొత్త విడిభాగాలు వేస్తే అసలుతనం పోతుందా?

ప్రశ్న: మా తాతగారు 1950ల్లో మిలిటరీ వేలంలో కొన్న జీపు ఇరవై ఏళ్లుగా పశువుల పాక పక్కన కదలకుండా ఉంది. ఆర్‌సీలో ‘విల్లీస్, 1944’ అని ఉంది. చూసిన మెకానిక్ మాత్రం ఇది ఫోర్డ్ చేసిన జీపు అంటున్నారు. అడుగు రేకును తుప్పు తినేసింది. కొత్త బాడీ, గ్లవ్‌బాక్స్ మీది ప్లేట్లు, చివరికి ‘ఎఫ్’ గుర్తున్న బోల్టులు కూడా కొత్తవి దొరుకుతాయట. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు పంపుతానంటున్నాడు. ఇవన్నీ వేశాక అది తాతగారి జీపేనా, నకలు జీపా? ఏది మార్చాలి, ఏది ఉంచాలి? – ఒక పాఠకుడు, తణుకు

సమాధానం: ముందుగా మీ తమ్ముడికి ఫోన్ చేసి, ఇప్పుడే ఏదీ కొనొద్దని చెప్పండి. ఈ జీపుకు చాసిస్ నుంచి చక్రం నట్టు దాకా దాదాపు ప్రతి ముక్కా కొత్తగా తయారవుతోంది. అందుకే బండి ఏదో తేలకముందే బిల్లులు పెరిగిపోతాయి, తీరా చూస్తే వచ్చిన సామాను సగం మీ బండిది కాకుండా పోతుంది.

యుద్ధకాలంలో ఈ జీపును రెండు కంపెనీలు చేశాయి. విల్లీస్ చేసినది ఎంబీ, ఫోర్డ్ చేసినది జీపీడబ్ల్యూ. విల్లీస్ దాదాపు 3.6 లక్షలు, ఫోర్డ్ దాదాపు 2.8 లక్షల బళ్లు చేశాయి. విడిభాగాలు ఒకదానివి ఒకదానికి పట్టాలన్నది సైన్యం పెట్టిన షరతు కాబట్టి పైపైన చూస్తే తేడా కనబడదు. మన దేశంలో ఇంకో చిక్కు కూడా ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లోనే మహీంద్రా విల్లీస్ జీపులను ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. దాంతో పాత జీపు ఏది కనబడినా ‘మిలిటరీ విల్లీస్’ అనడం అలవాటైపోయింది. స్టీరింగ్ ఎడమ వైపు ఉందని సంబరపడకండి. వెనకాల ‘లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్’ అని రాసుకుని తిరిగిన మహీంద్రా జీపులు మన రోడ్ల మీద బోలెడు ఉండేవి.

సైనిక జీపా, పౌర జీపా అన్నది గ్రిల్లు దగ్గరే తేలిపోతుంది. ఒకే రేకును అచ్చు కొట్టిన గ్రిల్లులో నిలువు సందులు 9 ఉంటే సైనిక జీపు, 7 ఉంటే పౌర సీజే రకం. సైనిక జీపు హెడ్‌లైట్లు చిన్నవి, గ్రిల్లు వెనక్కి ఉంటాయి. రెక్క నట్టు వదులు చేసి పైకి తిప్పితే ఇంజిన్ మీదికి వెలుగు పడుతుంది. పెట్రోలు ట్యాంకు మూత డ్రైవర్ సీటు కింద ఉండాలి. అది బాడీ పక్కన బయటికి కనిపిస్తే సీజే. వెనక తలుపు ఉన్నా సీజేనే. ఇంజిన్ మీద రాకర్ కవరు ఉంటే అది తర్వాత వచ్చిన ఎఫ్-హెడ్, అంటే కొన్ని వాల్వులు హెడ్డులో ఉండే ఇంజిన్. సైనిక జీపుది వాల్వులన్నీ దిమ్మలోనే ఉండే సైడ్ వాల్వ్ ఇంజిన్, హెడ్డు బల్లపరుపుగా ఉండి ప్లగ్గులు పై నుంచి దిగుతాయి. గ్రిల్లు, బాడీ, ఇంజిన్ మూడూ మార్చేయగలిగినవే. అందుకని ఒక్క గుర్తు చూసి నిర్ణయించకండి, అన్నీ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూడండి.

ఫోర్డా, విల్లీసా అన్న మాట చాసిస్ చెప్పాలి. రేడియేటర్ కింద, రెండు చాసిస్ పట్టీలనూ కలిపే ముందు అడ్డపట్టీ గుండ్రటి గొట్టమైతే విల్లీస్, బోర్లించిన దోనెలా పలకలుగా ఉంటే ఫోర్డ్. ఇంత సులువైన పరీక్ష ఇంకొకటి లేదు. 1944 మొదలు రెండు కంపెనీల బళ్లకూ ఒకే సంస్థ బాడీలు చేసి ఇచ్చింది కాబట్టి, ఆ ఏడాది బండిని బాడీ చూసి తేల్చాలనుకోకండి.

నంబరు చోటు కూడా వేరు. ఫోర్డ్ అయితే ఎడమ పట్టీ పైముఖం మీద, ముందు షాక్ అబ్జార్బర్ స్టాండుకూ ఇంజిన్ మౌంటింగుకూ మధ్య ‘జీపీడబ్ల్యూ’ అక్షరాలతో మొదలయ్యే నంబరు చెక్కి ఉంటుంది. విల్లీస్ అయితే ముందు బంపర్ వెనక, ఎడమ పట్టీ లోపలి వైపు రివెట్లు కొట్టిన చిన్న ప్లేటు ఉంటుంది. ఎనభై ఏళ్లలో పడిన రంగు పొరల కింద ఫోర్డ్ నంబరు పూడిపోయి ఉంటుంది. అక్కడ గ్రైండర్ పెట్టవద్దు, ఇసుక బ్లాస్టింగ్ చేయించవద్దు. చెక్కిన గీత లోతు తక్కువ, ఒక్కసారి అరిగితే తిరిగి రాదు. రంగు కరిగించే పేస్టు రాసి పావుగంట ఆగి, ఇత్తడి తీగల బ్రష్షుతో తోమండి. అంకెలు తేలాక సుద్దపొడి రుద్ది, పక్క నుంచి టార్చి వెలుగు వేసి ఫొటో తీయండి. ఆర్‌సీలోని చాసిస్ నంబరుతో పోల్చండి. ‘విల్లీస్’ అని రాసినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు, పేరు కంటే నంబరు కలవడమే ముఖ్యం. నంబరు కలవకపోతే మాత్రం అన్ని పనులూ ఆపి, ముందు ఆర్‌టీవో కార్యాలయానికి వెళ్లండి.

ఇంజిన్ నంబరు కుడి వైపు, ఆయిల్ ఫిల్టర్ వెనక చదునైన చోట ఉంటుంది. ఫోర్డ్ జీపు ఫ్యాక్టరీ దాటేటప్పుడు ఇంజిన్, చాసిస్ నంబర్లు ఒకటే. విల్లీస్‌కు మొదటి నుంచీ వేరువేరు. మీది ఫోర్డ్ చాసిస్ అయి, ఇంజిన్ మీద ‘ఎంబీ’ నంబరు కనిపిస్తే ఎవరో మోసం చేశారనుకోవద్దు. సైన్యం మరమ్మతు డిపోల్లో ఇంజిన్లు కుప్పగా పోసి, చేతికొచ్చింది బిగించేవారు. అది ఆ బండి జీవితంలో జరిగిన సంగతి. ఆ నంబరు చెరిపి చాసిస్ నంబరు కొట్టిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఫ్యాక్టరీ నంబరును నకలు కొట్టడం బండికి చేసే అన్నిటికన్నా పెద్ద చెరుపు. చట్టం దృష్టిలో కూడా నేరమే.

ఇక మీ అసలు ప్రశ్న. బండిలో భాగాలు రెండు జాతులు: అరిగేవి, ఆనవాలు చెప్పేవి. బ్రేక్ లైనింగులు, సీళ్లు, గొట్టాలు, బేరింగులు, టైర్లు అరగడానికే పుట్టాయి. యుద్ధంలో కూడా వాటిని నెలల్లో మార్చేవారు. కొత్తవి వేస్తే అసలుతనం పోదు. చాసిస్, ఇంజిన్ దిమ్మ, గేర్‌బాక్స్, యాక్సిల్ హౌసింగులు, బాడీ, ప్లేట్లు, గుర్తులున్న బోల్టులు మాత్రం బండి ఎవరో చెబుతాయి. అక్కడ కొత్తది వేశామంటే సాక్షిని మార్చినట్టే. వేయక తప్పనప్పుడు వేయండి, కానీ అది కొత్తదని ఎక్కడో ఒకచోట రాసి ఉంచండి.

బాడీ సంగతి కాస్త వివరంగా చూద్దాం, ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. అడుగు రేకు పోయినంత మాత్రాన బాడీ మొత్తం పారేయక్కరలేదు. జీపు అడుగు కింద టోపీ ఆకారంలో మడిచిన బలం పట్టీలు ఉంటాయి. వాటి లోపల ఫ్యాక్టరీలోనే చెక్క ముక్కలు పెట్టారు. ఆ చెక్క నీరు పీల్చి పట్టుకుంటుంది, పై రేకు లోపలి నుంచి కుళ్లుతుంది. గోదావరి జిల్లాల తేమలో ఈ పట్టీలు మిగలడం అరుదు. కానీ పక్క రేకులు, డ్యాష్ దగ్గరి రేకు, వెనక పలక చాలాసార్లు బాగానే ఉంటాయి. స్క్రూడ్రైవర్ మొనతో అంగుళం అంగుళం పొడిచి చూడండి. మొన దిగని చోటంతా ఉంచదగ్గ రేకే.

అడుగు ఒక్కటే మార్చేటట్టయితే, కోయడానికి ముందే ఒక అంగుళం చదరపు గొట్టాలతో బాడీ పక్కల మధ్య అడ్డంగా రెండు, ఐమూలగా రెండు కట్టించండి. పైకప్పు లేని బాడీ ఇది. అడుగు కోసిన క్షణంలో పక్కలు విచ్చుకుంటాయి, తర్వాత బానెట్ కూర్చోదు. ఐమూల కొలతలు రెండూ రాసుకోండి, పని అయ్యాక అవే రావాలి. రేకు 18 గేజి, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీటు. అంతకంటే మందం వేస్తే గట్టిగా ఉంటుందని టింకర్ అంటారు గానీ, మందపు రేకును పాత పల్చటి రేకుకు అతికితే వేడికి పాతదే మెలి తిరుగుతుంది. ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డింగు చేశారు. ఆ మెషీను లేకపోతే కొత్త రేకుకు 6 మిల్లీమీటర్ల రంధ్రాలు, 40 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున వేసి, ఆ రంధ్రాలను మిగ్ వెల్డింగుతో పూడ్చి సాపు చేయించండి. అంచు పొడవునా వెల్డింగు లాగించవద్దు. చెక్క ముక్కలు తిరిగి పెట్టాలనుకుంటే బాగా ఎండిన టేకును ఉడికించిన అవిసె నూనెలో రెండు రోజులు నానబెట్టి వాడండి. పట్టీ చివర్లలో నీరు కారే సందు మాత్రం మూయకండి.

బాడీ మొత్తం మార్చక తప్పదని తేలితే, ఫిలిప్పీన్స్‌లో అచ్చులు వేసి చేసే బాడీలు ఆకారానికి దగ్గరగా ఉంటాయి. హర్యానాలోని డబ్వాలీ లాంటి చోట్ల చేత్తో కట్టే బాడీలు తిరగడానికి పనికొస్తాయి, ఆనవాలుకు పనికిరావు. ఒకటి గుర్తుంచుకోండి. వెనక పలక మీద ‘ఫోర్డ్’ లేదా ‘విల్లీస్’ అని ఉబ్బెత్తు అక్షరాలు ఉండటం 1942 మధ్యలోనే ఆగిపోయింది. 1944 బండికి అక్షరాలున్న బాడీ తెస్తే, ఎంత అందంగా ఉన్నా అది తప్పు బాడీయే. కొత్త బాడీ రాగానే రంగు వేయించకండి. చాసిస్ మీద వదులుగా పెట్టి గ్రిల్లు, మడ్‌గార్డులు, బానెట్, విండ్‌స్క్రీన్ ఫ్రేము, స్టీరింగ్ రాడ్డు అన్నీ ఒకసారి కూర్చి చూడండి. రంధ్రాలు కొద్దిగా కలవవు, అది మామూలే. అప్పుడు బాడీ రంధ్రాన్ని ఆకురాయితో కోలగా సాగదీయండి, చాసిస్‌కు మాత్రం కొత్త రంధ్రం వేయకండి.

పాత బాడీని తుక్కుకు వేయవద్దు. ‘ఎఫ్’ గుర్తున్న బ్రాకెట్లు, గడియలు, టూల్ బాక్స్ మూతలు విప్పి కొత్తదానికి వాడండి.

బోల్టులకు కూడా ఇదే మాట. ఫోర్డ్ తన బోల్టు తలల మీద కూడా ‘ఎఫ్’ అచ్చు వేసింది. కొత్త ‘ఎఫ్’ బోల్టులు దొరుకుతాయి గానీ, ముందు మీ బండి బోల్టులనే బతికించండి. ప్లాస్టిక్ బకెట్లో నాలుగు లీటర్ల నీళ్లకు ఒక పెద్ద చెంచా చాకలి సోడా కలిపి, పాత ఇనుప రేకును చార్జర్ ప్లస్‌కు, తీగతో గుచ్చిన బోల్టులను మైనస్‌కు తగిలించి ఒక రాత్రి ఉంచితే తుప్పు వదులుతుంది. ప్లస్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు కట్టవద్దు, విషపు క్రోమియం నీళ్లలో చేరుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి. స్ప్రింగు, స్టీరింగు, బ్రేకు బోల్టులు మాత్రం గుర్తు కోసం పాతవి వాడవద్దు. మెడ సన్నబడిన బోల్టు అక్కడ ప్రాణం తీస్తుంది.

మన షెడ్లలో జరిగే నష్టం ఇంకోటి. ఈ జీపు మరలు అంగుళాల లెక్కవి. 5/16 అంగుళం బోల్టు అంటే 7.94 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 మరలు. దాని చోట 8 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు రెండు మరలు నున్నగా దిగుతుంది. కానీ దానికి మరకూ మరకూ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు, అసలుదానికి 1.06. పానాతో బలవంతం చేస్తే పోత ఇనుములో మర చిట్లిపోతుంది. షెడ్డుకు బండి పంపేటప్పుడు అంగుళాల బోల్టుల డబ్బా కూడా ఇచ్చి పంపండి.

గ్లవ్‌బాక్స్ మూత మీది మూడు ప్లేట్లలో ఒకదాని మీద సీరియల్ నంబరు, డెలివరీ తేదీ ఉంటాయి. గుంటలు పడి చదవడం కష్టమైనా సరే అసలు ప్లేటే ఉంచండి, పాలిష్ పట్టవద్దు. పోయి ఉంటే ఖాళీ కొత్త ప్లేటు వేయవచ్చు. చాసిస్ మీద చదివిన నంబరు కొట్టవచ్చు, తేదీ మాత్రం ఊహించి కొట్టవద్దు. ఖాళీగా ఉన్న గడి అబద్ధం చెప్పదు.

కొత్తగా వేసిన ప్రతి ఆనవాలు భాగం మీద, బయటికి కనబడని చోట, 3 మిల్లీమీటర్ల అక్షరాల పంచ్‌తో ‘ఆర్’ అక్షరం, బిగించిన సంవత్సరం కొట్టించండి. కొత్తగా చేర్చినది తర్వాత పోల్చుకునేలా ఉండాలన్నది అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫివా ట్యూరిన్ చార్టర్‌లోని ఆలోచన కూడా. దాంతోపాటు ఒక లాంగ్ నోట్‌బుక్కు పెట్టండి. ఏ భాగం, అసలుదా, అప్పట్లో చేసి వాడకుండా మిగిలిన పాత నిల్వదా, నకలా, మహీంద్రాదా, ఎప్పుడు బిగించారు అన్నది రాసి, బిల్లు అతికించండి. మీ తర్వాత ఆ బండిని చూసేవాళ్లకు ఈ పుస్తకం ఆర్‌సీ అంత ముఖ్యం.

నడిచే భాగాలలో నకళ్లతో వచ్చే ఇబ్బందులు కొన్ని చెప్పాలి. ఆయిల్ పంపు కొనేటప్పుడు ముందు టైమింగ్ కవరు విప్పి చూడండి. యుద్ధకాలపు ఇంజిన్లో చైను, తర్వాతి పౌర ఇంజిన్లలో పళ్ల చక్రాలు. చక్రాల ఇంజిన్లో క్యామ్ షాఫ్టు ఎదురు దిక్కున తిరుగుతుంది కాబట్టి దాని పంపు చైను ఇంజిన్‌కు పనికిరాదు. రెండూ ‘విల్లీస్ పంపు’ అనే పేరుతోనే అమ్ముతారు. కార్బొరేటర్ అసలుది కార్టర్ డబ్ల్యూఓ. మన దగ్గర దాన్ని తీసేసి సోలెక్స్ పెట్టిన బళ్లే ఎక్కువ. మీ బండి మీద కార్టర్ ఇంకా ఉంటే, ఎంత మసిగా ఉన్నా కిట్టు వేసి దాన్నే బాగు చేయించండి. కొత్త నకలు కొన్నా పెట్టెలోంచి తీసి నేరుగా బిగించకండి. మూత తిరగేసి ఫ్లోటు ఎత్తు 3/8 అంగుళం ఉందో లేదో చూడండి. ఎత్తు తప్పితే గిన్నె పొంగి పెట్రోలు కారుతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత నిల్వలో దొరికే పంపు డయాఫ్రమ్, రబ్బరు గొట్టం దీనికి ఉబ్బి చీలిపోతాయి. ఇక్కడ ‘పాత నిల్వ అసలు సరుకు’ అన్న మోజు పనికిరాదు. ఇథనాల్‌ను తట్టుకునే డయాఫ్రమ్, ఆర్9 రకం గొట్టమే వేయండి. బండి నెలల తరబడి నిలిపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయండి. ఇథనాల్ గాలిలోని తేమను లాగి ట్యాంకు అడుగున తుప్పు పెడుతుంది.

కరెంటు 6 వోల్టులు. సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందని వెంటనే 12 వోల్టులకు మార్చేస్తారు. చాలాసార్లు తప్పు కేబుల్‌ది. అదే పనికి 6 వోల్టుల్లో కరెంటు రెట్టింపు పారుతుంది, 12 వోల్టుల బండికి వేసే సన్న కేబుల్ దానికి చాలదు. 50 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేసి, ఎర్త్ చోట రంగు గీకి ఇనుము తేల్చి బిగించండి. ఈ జీపులో బ్యాటరీ మైనస్‌ వైపే ఎర్త్ చేయాలి.

బ్రేకుల్లో కొత్తదనానికి వెనకాడకండి. ముందు వీల్ సిలిండర్లు 1 అంగుళం, వెనకవి 3/4 అంగుళం. తారుమారు చేస్తే వెనక చక్రాలు ముందుగా పట్టేసి బండి తిరిగిపోతుంది. పాత సిలిండర్ల మీద గుర్తులుంటే లేత్ మీద స్టెయిన్‌లెస్ స్లీవు వేయించి అవే వాడుకోవచ్చు. కొత్త మాస్టర్ సిలిండర్ బిగించాక పెడల్‌కు అర అంగుళం ఖాళీ నడక ఉండాలి. లేకపోతే ఆయిలు వెనక్కి వచ్చే రంధ్రం మూసుకుపోయి, పది కిలోమీటర్లలో డ్రమ్ములు కాలిపోతాయి.

టైరు సైజు 6.00-16. ఇదే సైజులో ట్రాక్టర్ ముందు టైరు ఉంటుంది, చవక కూడా. అది రోడ్డు వేగానికి చేసింది కాదు, వేయవద్దు. ఎడమ వైపు చక్రాల నట్లకు ఎడమ మర, విప్పాలంటే కుడి వైపుకు తిప్పాలి. తెలియక పొడవు గొట్టం వేసి ఎడమకు లాగి స్టడ్డులు విరగ్గొట్టడం ఎక్కువ. రిమ్ము రెండు ముక్కలై బోల్టులతో కలిపి ఉంటే, గాలి పూర్తిగా తీయకుండా ఆ బోల్టుల్లో ఒక్కటి కూడా కదపనివ్వకండి. పంక్చర్ షాపు కుర్రాడికి మీరే ముందుగా చెప్పండి. రిమ్ము విచ్చుకుంటే తల పగులుతుంది.

తమ్ముడిని ముందుగా పంపమనాల్సినవి రెండు కాగితాలు: అమెరికా సైన్యం 1944 ఫిబ్రవరి నాటి మరమ్మతు మాన్యువల్ టీఎం 9-803, విడిభాగాల జాబితా జీ-503. జాబితాలో ప్రతి భాగానికీ రెండు నంబర్లుంటాయి. ఒకటి విల్లీస్‌ది, ఒకటి ఫోర్డ్‌ది. ఆ నంబరు రాయకుండా ‘జీపు పంపు’, ‘జీపు సీలు’ అని ఆర్డరు ఇవ్వొద్దు.

రిజిస్ట్రేషన్ గురించి కూడా ఆలోచించుకోండి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో ‘వీఏ’ వస్తుంది. రుసుము రూ.20,000, గడువు 10 ఏళ్లు, తర్వాత పొడిగింపుకు రూ.5,000. అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకెళ్లవచ్చు గానీ రోజూ పొలానికి వెళ్లిరావడానికి వీల్లేదు. తనిఖీకి వచ్చే కమిటీ ముందు మీ నోట్‌బుక్కు, నంబరు ఫొటోలు పెట్టండి.

చివరిది రంగు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ వాహనాలకే. ఫ్యాక్టరీ రంగే కదా అని సొంతంగా వేయించేస్తే రోడ్డు మీద ఆపుతారు. ఆ రంగు జోలికి పోవద్దు. అసలు ఆ అవసరం ఉందో లేదో ముందు చూడండి. బానెట్ లోపల రూపాయి బిళ్లంత చోటును 400 నంబరు, తర్వాత 800 నంబరు నీటి కాగితంతో మెల్లగా అరగదీస్తే రంగు పొరలు చెట్టు కాండం వలయాల్లా తేలతాయి. అన్నిటికంటే అడుగున మిలిటరీ రంగు, దాని పైన మీ తాతగారు వేయించిన రంగు కనిపిస్తాయి. ఆ రెండో రంగు కూడా ఈ బండిదే, దానికి ఏ నిబంధనా అడ్డు లేదు. ఆ వలయం చూపించి అదే రంగు కలిపించండి. డ్రైవర్ సీటు కింద, ట్యాంకు కూర్చునే గుంట గోడ మీద అరచేయంత చోటు మాత్రం తోమకుండా, కొత్త రంగు వేయకుండా అలాగే వదిలేయమని పెయింటర్‌కు ముందే టేపు అంటించి చూపించండి.